‘విముక్త’లో ఆత్మప్రీతి : శూర్పణఖా సీతాసమాగమ పరిశీలన

ఓల్గా అనే కలంపేరుతో ప్రసిద్ధురాలైన పోపూరి లలితకుమారి రచించిన ‘విముక్త’ 2010లో గ్రంథరూపం పొందింది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని అందుకొన్నది. ‘సమాగమం’, ‘మృణ్మయనాదం’, ‘సైకత కుంభం’, ‘విముక్త’, ‘బంధితుడు’ అనే అయిదు కథలు ఇందులో ఉన్నాయి. ప్రతి కథా విడిగా చదువదగినదే. అయినప్పటికీ సీత చిత్తపరిణామం మణిహారంలో సూత్రంవలె అన్నింటినీ కలుపుతున్నందువల్ల దీనిని నవలకు సన్నిహితమైన కథామాలికగా గ్రహించి పరిశీలించడం సమంజసం. ఈ రచయిత్రియే 1987లో వెలువరించిన ‘స్వేచ్ఛ’ నవలలో అరుణ పుట్టింటి కట్టుబాట్ల నుండి బయటపడడానికి ప్రేమవివాహాన్ని ఆశ్రయించి, అక్కడా కట్టుబాట్లే ఎదురుకాగా తన మార్గాన్ని తానే వెదుకుకొంటుంది. ఆ అన్వేషణమే ‘విముక్త’లో పురాణపాత్రల ద్వారా మరింత లోతుగా సాగింది.

జీవితంలో దెబ్బతిన్న స్త్రీ తిరిగి తన్ను తాను ప్రేమించుకొనడం ఎట్లా నేర్చుకొంటుంది? ఆమె హృదయంలో నాటుకొన్న అవమానశల్యాన్ని పెరికివేసేది ఎవరు? అవమానించినవాడా, లోకమా, లేక ఆమెయేనా? ఈ ప్రశ్నకు ‘విముక్త’ ఇచ్చిన సమాధానాన్ని మన సంస్కృత వాఙ్మయం ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూడడం ఈ వ్యాసోద్దేశం.

1. ఆత్మప్రీతి : ఉపనిషద్దృష్టి

ఆత్మప్రీతి అనగానే అది పాశ్చాత్యుల నుండి దిగుమతి అయిన భావమనీ, స్వార్థానికి మరొక పేరు అనీ శంకించేవారు కలరు. ఈ శంకకు బృహదారణ్యకోపనిషత్తులోని మైత్రేయీ బ్రాహ్మణం చాలినంత సమాధానం. సన్న్యసించదలచిన యాజ్ఞవల్క్యుడు తన భార్యలైన మైత్రేయికీ కాత్యాయనికీ ధనం పంచి ఇవ్వబోతాడు. ధనపూర్ణమైన భూమి అంతా లభించినా తనకు అమృతత్వం సిద్ధిస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. అప్పుడు ఆయన చేసిన బోధ సుప్రసిద్ధం. భార్యకు భర్త ప్రియుడగుట భర్త కొరకు కాదు, ఆత్మ కొరకే. భార్య, పుత్రులు, ధనం, లోకాలు, దేవతలు మొదలైనవన్నీ ఆత్మ నిమిత్తమే ప్రియమవుతున్నాయి. ఇతరవస్తువులపై గల ప్రీతి గౌణమనీ, ఆత్మపై గల ప్రీతియే ముఖ్యమనీ శంకరభగవత్పాదులు ఈ సందర్భాన్ని వివరించారు. పదునాల్గవ శతాబ్దికి చెందిన విద్యారణ్యస్వామి పంచదశి పన్నెండవ ప్రకరణంలో ఈ బోధనే విస్తరించి ఆత్మను మూడు విధాలుగా విభజించారు. పుత్రాదులు గౌణాత్మ, దేహాదికోశాలు మిథ్యాత్మ, సాక్షిచైతన్యం ముఖ్యాత్మ. మానవుడు సందర్భాన్ని బట్టి ఈ మూడింటిలో ఒకదానిని ‘నేను’గా భావిస్తూ దానినే మిక్కిలి ప్రేమిస్తాడు.

ఈ విభాగం మన పరిశీలనకు ఎంతో ఉపకరిస్తుంది. ‘విముక్త’లోని స్త్రీలందరూ తాము ‘నేను’ అని నమ్ముకొన్న ఏదో ఒకదానిని కోల్పోయినవారే. శూర్పణఖ రూపాన్ని కోల్పోయింది. రేణుక కన్నకొడుకు చేతిలోనే వధకు గురియై, పుత్రుడు తనవాడన్న విశ్వాసాన్ని కోల్పోయింది. సీత భర్తృప్రేమను కోల్పోయింది. కోల్పోయినది తమ సర్వస్వమే అయితే వారు మిగిలి ఉండకూడదు. కాని మిగిలే ఉన్నారు. ఆ మిగిలిన ‘నేను’ ఎవరన్న జిజ్ఞాసయే ఈ కథలకు మూలం.

2. వాల్మీకంలో శూర్పణఖ

అరణ్యకాండ పదిహేడవ సర్గలో శూర్పణఖ ప్రవేశిస్తుంది. వాల్మీకి అక్కడ రాముని అవయవసౌష్ఠవాన్నీ ఆమె అవయవవైకల్యాన్నీ ఒక్కొక్కటిగా ఎదురెదురుగా నిలిపి వర్ణించాడు. పదునెనిమిదవ సర్గలో రాముడు పరిహాసంగా ఆమెను లక్ష్మణుని వద్దకు, లక్ష్మణుడు తిరిగి రాముని వద్దకు పంపుతారు. ఆ పరిహాసాన్ని నిజమని నమ్మిన శూర్పణఖ సీతను అడ్డుగా తలచి భక్షించడానికి పైకి ఉరుకుతుంది. రాముని ఆజ్ఞతో లక్ష్మణుడు ఆమె ముక్కుచెవులు కోస్తాడు. క్రూరులతో పరిహాసం తగదని రాముడే అక్కడ అనడం గమనార్హం.

ఆలంకారికదృష్టిలో ఉభయనిష్ఠం కాని రతి రసాభాసం. కనుకనే శూర్పణఖ వలపు మన పాఠాలలో హాస్యంగానో, బీభత్సంగానో పర్యవసిస్తున్నది. కాని ఉత్తరకాండ ఆమె పూర్వకథను చెబుతున్నది. ఆమె భర్త విద్యుజ్జిహ్వుడు. కాలకేయులతో జరిగిన యుద్ధంలో అతడు రావణుని చేతిలోనే హతుడైనాడు. విలపిస్తూ వచ్చిన చెల్లెలిని అన్న ఖరునితో కూడ దండకారణ్యానికి పంపాడు. అంటే పంచవటికి వచ్చేనాటికే ఆమె తోడబుట్టినవాని మూలంగా వైధవ్యం పొంది, స్వస్థానానికి దూరమైన స్త్రీ. రావణుని సీతాపహరణానికి ప్రేరేపించిన పిదప ఆమె కథారంగం నుండి నిష్క్రమిస్తుంది. ఆ తరువాత ఆ ముఖంతో ఆమె ఎట్లా బ్రతికిందో ఆదికవి చెప్పలేదు. ఓల్గా కథ ఆ మౌనంలో నుండి మొదలవుతుంది.

3. ‘సమాగమం’ : కథాస్వరూపం

సీత వాల్మీకి ఆశ్రమంలో కుశలవులను పెంచుకొంటున్నది. ఒకనాడు బాలకులు అడవిలో తాము చూచిన ఒక అపురూపమైన ఉద్యానవనాన్ని గురించీ, దానికి యజమానురాలైన వికృతరూపిణిని గురించీ తల్లికి చెబుతారు. ముక్కుచెవులు లేని స్త్రీ అనగానే సీతకు గతం స్ఫురిస్తుంది. ఆమె శూర్పణఖను వెదుకుకొంటూ వెళ్లి కలుసుకొంటుంది. ఒకనాడు రాముని కారణంగా ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు స్త్రీలు నేడు రాముడు లేని చోట సమానదుఃఖినులుగా కూర్చున్నారు. శీర్షికలోని ‘సమాగమం’ సంస్కృతకావ్యాలలో సాధారణంగా నాయికానాయకుల కలయికకు వాడే పదం. రచయిత్రి దానిని ఇద్దరు స్త్రీల కలయికకు అన్వయించడంలో ఔచిత్యం ఉన్నది.

శూర్పణఖ చెప్పిన ఆత్మకథలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటిది ద్వేషదశ. రూపాన్ని కోల్పోయిన ఆమెకు లోకంలోని అందమైన ప్రతి వస్తువూ శత్రువయింది. అప్పుడు ఆమె ప్రేమించింది పోయిన రూపాన్ని. ద్వేషించింది మిగిలిన తన్ను. రెండవది శ్రమదశ. చేతులు మిగిలి ఉన్నాయి. ఆ చేతులతో ఆమె నేల తవ్వింది, మొక్కలు నాటింది, నీరు పోసింది. ప్రకృతిలో సురూపమూ కురూపమూ అనే భేదం మనిషి కల్పించినదే అన్న ఎరుక ఆమెకు చేతిపనిలో నుండి కలిగింది. మూడవది ప్రీతిదశ. సుధీరుడనే పురుషుడు ఆమెకు సహచరుడుగా లభించాడు. అయితే అతడు వచ్చి ఆమెను ఉద్ధరించలేదు. ఆమె తన్ను తాను ప్రేమించుకొనడం నేర్చిన తరువాతనే అతడు వచ్చాడు. ఈ పౌర్వాపర్యం కథకు ప్రాణం. సుధీరుడు ముందు వచ్చి ఉంటే ఇది మరొక ప్రేమకథ మాత్రమే అయి ఉండేది.

ఇక్కడ ఉపనిషద్దృష్టికీ ఓల్గా దృష్టికీ గల భేదం కూడా స్పష్టమవుతుంది. వేదాంతికి దేహం మిథ్యాత్మ. దానిని దాటితేనే ముఖ్యాత్మ లభిస్తుంది. శూర్పణఖ దేహాన్ని దాటలేదు. దేహంలోనికి తిరిగి వచ్చింది. ముఖం పోయినా చేతులు తనవే అని గుర్తించింది. చూడబడే దేహం స్థానంలో పనిచేసే దేహాన్ని ప్రతిష్ఠించుకొన్నది. యాజ్ఞవల్క్యుడు ఆత్మతత్త్వం బోధించి గృహాన్ని విడిచి వెళ్లాడు. శూర్పణఖ ఆత్మప్రీతి కలిగిన పిదప ఒక చోట స్థిరపడి తోట పెంచింది. ఒకటి నివృత్తిమార్గం, మరొకటి ప్రవృత్తిమార్గం. గమ్యంలో భేదం ఉన్నా, ఇతరుల ప్రేమ ఆత్మకు ప్రమాణం కాజాలదన్న మూలసూత్రంలో ఇద్దరికీ ఏకవాక్యత కలదు.

4. లజ్జాశల్యం : భవభూతి, ఓల్గా

పరిత్యక్తయైన సీత, అరణ్యం, పన్నెండేండ్ల ఎడబాటు అనగానే సంస్కృతాధ్యాపకులకు ఉత్తరరామచరితం తృతీయాంకం స్మరణకు రాక మానదు. ఛాయాంకమని ప్రసిద్ధమైన ఆ అంకంలో సీత గంగానుగ్రహం వల్ల అదృశ్యరూపిణియై తమసతో కూడి పంచవటికి వస్తుంది. రాముని విలాపం వింటుంది, మూర్ఛిల్లిన అతనిని స్పర్శతో బ్రతికిస్తుంది. వనదేవత వాసంతి రాముని నిష్ఠురంగా ప్రశ్నిస్తుంది. అశ్వమేధయాగంలో తనకు సహధర్మచారిణి సీత హిరణ్మయప్రతిమయే అని రాముడు చెప్పగా విన్న సీత, పరిత్యాగం వల్ల తన హృదయంలో నాటుకొన్న లజ్జాశల్యాన్ని ఆర్యపుత్రుడు నేడు పెరికివేసినాడని ఊరట చెందుతుంది.

భవభూతి ఎంతటి మనస్తత్త్వవేత్తయో ఈ ఒక్క మాట చెబుతున్నది. పరిత్యక్తను అన్నింటికంటె బాధించేది ఎడబాటు కాదు, తాను విడువదగినదాననేమో అన్న సిగ్గు. దానిని శల్యమని ఆయన గుర్తించాడు. అయితే ఆ శల్యం తొలగినది రాముని మాట వల్లనే. నాటినవాడే పెరికాడు. ఒకవేళ రాముడు ఆ మాట అనకపోతే? అన్నా సీత వినకపోతే? అప్పుడు ఆ శల్యం ఆజన్మాంతం హృదయంలోనే ఉండవలసి వచ్చేది. వాల్మీకి ఆశ్రమంలోని సీతకు అటువంటి మాట ఏదీ చేరలేదన్నది ఓల్గా కథకు ప్రాతిపదిక.

‘సమాగమం’లో శల్యోద్ధారం వేరొక విధంగా జరిగింది. శూర్పణఖ సీతను ఓదార్చలేదు, రాముని నిందించి తృప్తిపరచలేదు. తన కథ చెప్పింది, తోట చూపింది. స్త్రీజీవిత సార్థక్యం పురుషునితో గల సంబంధంలో మాత్రమే లేదని తాను గ్రహించిన తీరు వివరించింది. సీత అక్కడ ఒక ఉదాహరణను ప్రత్యక్షంగా చూచింది. తనకంటె ఎక్కువ కోల్పోయిన స్త్రీ తనకంటె ప్రశాంతంగా ఉన్నది. అనంతరం పిల్లలు తండ్రిని చేరే సమయం వచ్చినపుడు, సభలో మరొకమారు తన నిర్దోషిత్వాన్ని ప్రకటించుకొనే అవసరం ఆమెకు తోచలేదు. సిగ్గు లేనిచోట నిరూపణ దేనికి? భవభూతి సీత శల్యం భర్త మాటతో తొలగగా, ఓల్గా సీత శల్యం తనకు తాను ప్రమాణం కావడంతో తొలగింది. ఈ రెండు రచనలనూ పక్కపక్కన ఉంచి బోధించినపుడు విద్యార్థికి రెండూ మరింత బోధపడతాయని మా భావం.

వాల్మీకంలోనే దీనికి బీజం లేకపోలేదు. ఉత్తరకాండ తొంబదియేడవ సర్గలో సీత శపథం చేస్తుంది. తాను రామునికంటె అన్యుని మనసులోనైనా తలపనిదాననైతే భూదేవి తనకు చోటివ్వవలెనని ఆమె కోరిక. శపథం నిరూపణకే, కాని దాని ఫలం పునస్సంయోగం కాదు, నిష్క్రమణం. సత్యం రుజువైన క్షణంలోనే ఆమె సింహాసనాన్ని కాదని తల్లి ఒడి చేరింది. ఆ నిరాకరణాన్ని ఓల్గా వ్యాఖ్యానించిందే గాని నూతనంగా సృష్టించలేదు.

5. అహల్య, రేణుక, ఊర్మిళ

తక్కిన కథలు ఈ ఆత్మప్రీతికి మూడు పార్శ్వాలను చూపుతాయి. అహల్యాకథ సత్యానికి సంబంధించినది. బాలకాండ నలుబదియెనిమిదవ సర్గ ప్రకారం అహల్య వచ్చినవాడు ఇంద్రుడని తెలిసియే అంగీకరించింది. ఉత్తరకాండలోని వృత్తాంతం ప్రకారం తెలియక మోసపోయింది. తెలిసియా, తెలియకయా అన్న ఈ వాదం శతాబ్దాలుగా సాగుతున్నది. ‘మృణ్మయనాదం’లోని అహల్య ఆ విచారణనే ప్రశ్నిస్తుంది. విచారణ జరపడమే అవిశ్వాసానికి గుర్తు, తీర్పు ఏదైనా అధికారం ఇతరులదే అవుతున్నదన్నది ఆమె ఆంతర్యం. వనవాసకాలంలో ఈ మాట సీతకు రుచించలేదు. లంకలో అగ్నిపరీక్ష ఎదురైనపుడు గాని అర్థం కాలేదు. జ్ఞానం ఉపదేశంతో కాక అనుభవంతో పక్వం కావడం ఇక్కడ చక్కగా చిత్రితమైనది.

రేణుకాకథకు ఆధారం ఆమె పాతివ్రత్యమహిమతో ఇసుకకుండలో నీరు తెచ్చేదన్న ఐతిహ్యం. క్షణకాలం మనసు చలించినందుకు జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి తల నరికిన వృత్తాంతం భారతంలోని అరణ్యపర్వంలో కలదు. ‘సైకత కుంభం’ అన్న పేరులోనే కథాసారం ఉన్నది. ఒక్క తలపుతో విరిగిపోయే పాతివ్రత్యం ఇసుకకుండవంటిదే గదా! దానిపై స్త్రీ తన ఆత్మగౌరవాన్ని నిలుపుకొనరాదని రేణుక బోధ.

ఊర్మిళాకథ తెలుగువారికి విశేషంగా ఆసక్తికరం. ఊర్మిళాదేవి నిద్ర మన స్త్రీల పాటలలో ప్రఖ్యాతమైన ఇతివృత్తం. పదునాలుగేండ్లు నిద్రించిన ఊర్మిళను మన అమ్మమ్మలు పాడుకొన్నారు. ఓల్గా ఆ నిద్రను మెలకువగా మార్చింది. లక్ష్మణుడు తనతో ఒక్కమాటైనా చెప్పక వెళ్లిన కోపంతో తలుపు మూసుకొన్న ఊర్మిళ, ఆ ఏకాంతంలో కోపానికి మూలం వెదికి, దుఃఖాలన్నింటికీ మూలం అధికారసంబంధమని గ్రహిస్తుంది. తనపై పరులకు గల అధికారమే గాక పరులపై తనకు గల అధికారమూ తొలగితేనే విముక్తి అని ఆమె సిద్ధాంతం. ఆత్మప్రీతి అహంకారంగా మారకుండ కాపాడే నియమం ఇదే. ఈ నియమం లేకపోతే శూర్పణఖ కథ అసంపూర్ణం.

6. ఆక్షేపాలు - విచారణ

మొదటి ఆక్షేపం ఇతిహాసకథను మార్చవచ్చునా అన్నది. ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో ఆనందవర్ధనుడు రామాయణాదులవంటి సిద్ధరసకథలలో రసవిరోధియైన స్వేచ్ఛాకల్పన చేయరాదని హెచ్చరించాడు. అయితే రసానికి అనుగుణం కాని అంశాన్ని విడిచి తగిన దానిని కల్పించుకొనడం కవికి విహితమనీ ఆయనయే చెప్పాడు. కాళిదాసు దుర్వాసశాపం కల్పించాడు. భవభూతి సీతారాములను తిరిగి కలిపాడు. కాబట్టి మార్పు జరిగిందా అన్నది కాక, మార్పు రసానికి భంగం కలిగించిందా అన్నదే సరియైన ప్రశ్న. ‘విముక్త’లో సీతకు రామునిపై ద్వేషం లేదు. ‘బంధితుడు’ కథలో రాముడు రాజ్యధర్మానికి బందీ అయిన దయనీయుడుగా దర్శనమిస్తాడు. సీత విముక్త కాగా అతడు బద్ధుడుగా మిగలడం కరుణరసాన్ని పోషిస్తున్నదే గాని భంగపరచడం లేదు.

రెండవది ఆత్మప్రీతి ధర్మవిరోధి అన్న ఆక్షేపం. సీత ఆత్మప్రీతి నేర్చిన పిదప కూడా బిడ్డలను విడువలేదు. వారిని పెంచి, తండ్రికి అప్పగించిన తరువాతనే తన దారి ఎన్నుకొన్నది. శూర్పణఖ స్వార్థపరురాలుగా ఉన్నది పగతో రగిలిన కాలంలోనే. తన్ను ప్రేమించుకొన్న పిదప ఆమె వద్ద ఇతరులకు ఇవ్వడానికి ఒక తోట ఉన్నది.

అయినప్పటికీ రచనలో లోపాలు లేకపోలేదు. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ నలుగురూ దాదాపు ఒకే స్వరంతో మాట్లాడుతారు. సంభాషణలు అక్కడక్కడ ఉపన్యాసాలవలె సాగుతాయి. వాల్మీకంలో శూర్పణఖ సీతను భక్షించడానికి ఉరికిన ఘట్టానికి ఈ సమాగమంలో తగినంత ప్రాధాన్యం లభించలేదు. ఒకరినొకరు క్షమించుకొనవలసిన ఆ సన్నివేశాన్ని రచయిత్రి నేరుగా ఎదుర్కొని ఉంటే సఖ్యం మరింత విశ్వసనీయమై ఉండేది.

ఉపసంహారం

ముఖం ఛిద్రమైన స్త్రీ పురాణాలలో మాత్రమే లేదు. ఆమ్లదాడిని ప్రత్యేకనేరంగా పరిగణిస్తూ 2013లో మన శిక్షాస్మృతిలో ఒక విభాగం చేర్చవలసి వచ్చింది. 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోనూ ఆ నిబంధన కొనసాగుతున్నది. చట్టం దోషిని శిక్షించగలదు. కాని అద్దం ముందు నిలిచిన ఆ స్త్రీ రేపటి నుండి ఎట్లా బ్రతకాలో చట్టం చెప్పజాలదు. అది సాహిత్యం చెప్పవలసిన మాట. అరణ్యకాండలోని నాసికాఖండనఘట్టాన్ని తరగతిలో నవ్వుతూ దాటివేయడం ఎంతో సులభం. ఆ పాఠం వింటున్న విద్యార్థినులలో తన రూపాన్ని గురించో, తనను నిరాకరించినవారిని గురించో లోలోన కుములుతున్న బాలిక ఉండవచ్చునన్న స్పృహ అధ్యాపకునికి అవసరం.

మైత్రేయికి ఋషి చెప్పిన మాటను, సీతకు శూర్పణఖ చెప్పిన మాటను కలిపి చదివినపుడు ఒక సత్యం స్పష్టమవుతుంది. ఇతరుల ప్రేమ లభించినపుడు సంతోషించవచ్చు, లభించనపుడు దుఃఖించవచ్చు. కాని తన విలువను ఆ ప్రేమతో కొలువరాదు. లజ్జాశల్యాన్ని పెరికే చేయి తన చేయియే కావాలి. అయితే ఆ చేతికి శక్తి ఉన్నదని చెప్పడానికి, అదే గాయంతో బ్రతికి తోట పెంచిన మరొక స్త్రీ తోడు కావాలి. ‘విముక్త’ తెలుగు కథాసాహిత్యానికి చేర్చిన విశేషాంశం ఇదే.